2004 ఇండికా డీజిల్: వణుకు ఎక్కడిదో వెతికిన డైరీ

బండి వివరాలు ముందు. ఇండికా వీ2 డీజిల్, 2004 ఆగస్టులో నాన్న కొన్నది, ఏపీ 07 నంబరు, మీటరు మీద 1,86,400. 1405 సీసీ, టర్బో లేదు, కామన్ రైల్ (కొత్త డీజిల్ బండ్లలో ఉండే అధిక ప్రెజర్ పద్ధతి) లేదు. డీజిల్‌ను తోసే ఒక రోటరీ పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు, చల్లటి ఇంజన్ అందుకోవడానికి లోపల వేడిచేసే నాలుగు హీటర్ ప్లగ్గులు, అంతే. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, 2024 ఆగస్టులో ఇంకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాం, కాబట్టి 2029 దాకా తిప్పుకోవచ్చు. తిప్పుకోవాలనే నా కోరిక. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దీని మీదే, తాతయ్యను చివరిసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా ఇందులోనే.

దసరా తర్వాత నుంచి బండి బాగా వణుకుతోంది. పొద్దున సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయి, నాలుగైదు సెకన్లకే ఆగిపోతుంది, తర్వాత చాలాసేపు కొడితేగానీ మళ్లీ అందుకోదు. అందుకున్నాక ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, అద్దాలు గలగలమంటాయి, స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. తెనాలిలో మెకానిక్కుకు చూపిస్తే "పంపు పోయిందండీ, విప్పి ఓవరాలింగ్ చేయాలి, పద్దెనిమిది వేలు రెడీ పెట్టుకోండి" అన్నారు. కనీసం పైపులు కూడా తడిమి చూడలేదు. ఇరవై ఏళ్ల బండికి పద్దెనిమిది వేలంటే నాన్న ఏమీ మాట్లాడకుండా తాళాలు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశారు. పంపు నిజంగా పోయి ఉంటే పెడదాం, కానీ పోయిందని తేలాక పెడదాం అని నేనే పట్టుబట్టాను. ఉద్యోగం వల్ల నాకు దొరికేది ఆదివారాలే.

ఒక మాట. మన మెకానిక్కులు మొత్తాన్నీ కలిపి నాజిల్ అనేస్తారు. ఇక్కడ నేను మొత్తం పరికరాన్ని ఇంజెక్టర్ అని, దాని కొసన డీజిల్ చిమ్మే ముక్కను నాజిల్ అని రాస్తున్నాను.

నవంబరు 10, ఆదివారం

ఈరోజు పానా పట్టుకోకముందు ఒక గంట ఊరికే విన్నాను. బానెట్ ఎత్తి, స్టూలు వేసుకుని, నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఒకటే జబ్బు అనుకున్నది నిజానికి మూడు రకాలుగా వినపడుతోంది. పొద్దున మొదటి అర నిమిషం తెల్లటి పొగ, ఘాటు వాసన, కళ్లు మండుతాయి. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కినా సరే ఐడిలింగ్‌లో లెక్క తప్పని "దడ్... దడ్... దడ్" దెబ్బ, ఒకే వరసలో. ఇక మూడోది లెక్కాపత్రం లేనిది, ఉన్నట్టుండి ఇంజన్ గుటక మింగినట్టు పడిపోయి మళ్లీ లేస్తుంది.

ఈ తేడా ముఖ్యం. ఇంజన్ నిమిషానికి 850 తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ సెకనుకు ఏడుసార్లు మండుతుంది. దెబ్బ వరస తప్పకుండా వస్తోందంటే ఒకే సిలిండర్ పనిచేయట్లేదన్నమాట. వరస తప్పుతోందంటే అన్నిటికీ ఉమ్మడిగా వచ్చేదేదో, అంటే డీజిల్ సరఫరా, అప్పుడప్పుడు తెగుతోంది. రెండూ కలిసి వస్తే చెవికి గందరగోళంగా ఉంటుంది, ఎవరైనా సరే పంపు మీద నెట్టేస్తారు.

అసలు క్లూ నాన్న ఇచ్చారు. వరండాలో కూర్చుని పేపరు చదువుతూ "ట్యాంకు నిండా కొట్టిస్తే వారం బాగానే పోతుందమ్మా, ముల్లు కిందికొచ్చేసరికి మొదలెడుతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ" అన్నారు. "ఇన్నాళ్లూ చెప్పలేదేంటి నాన్నా" అంటే "ఎవరూ అడగలేదుగా" అన్నారు.

ట్యాంకులో మట్టం తగ్గితే పంపు ఎక్కువ కిందనుంచి లాక్కోవాలి. ఈ రోటరీ పంపుకు ముందు వేరే ఫీడ్ పంపు ఉండదు, ట్యాంకు నుంచి పీల్చుకునే పనీ దానిదే. అంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టం మొత్తం, ఇంజన్ నడుస్తున్నంతసేపూ, స్ట్రాతో తాగుతున్న కొబ్బరిబోండాం లాంటిది. స్ట్రాకు చిన్న చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. అందుకే కింద ఎక్కడా డీజిల్ మరక లేదు, అందుకే అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పని వచ్చే వారానికి పెట్టుకుని ఈరోజు హీటర్ ప్లగ్గులు చూశాను. వైరు ఊడదీసి మల్టీమీటర్ పెడితే బాగున్నవి ఒక ఓమ్ లోపు చూపించాలి. రెండు చూపించాయి, రెండు చచ్చిపోయి ఉన్నాయి. మన తెనాలి చలి ఒక చలా అంటారు గానీ, ఈ రకం ఇంజన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాకుండా పక్కనున్న చిన్న గదిలో పడుతుంది, చల్లటి గోడలు వేడిని మింగేస్తాయి, మన ఊళ్లో కూడా హీటర్ కావాలి. నాలుగూ మార్చేశాను, 1,400 అయింది. తెల్లపొగ చాలా తగ్గింది. దడ్‌దడ్ తగ్గలేదు, గుటకలూ తగ్గలేదు. తగ్గుతాయని అనుకోలేదు కూడా.

నవంబరు 17, ఆదివారం

మోటారు పంపులు అమ్మే షాపులో పారదర్శకంగా ఉండే పైపు మీటరు నలభై రూపాయలకు తెచ్చాను. డీజిల్ ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఉన్న నల్ల రబ్బరు పైపు తీసి దీన్ని పెట్టి, రెండు కొసలా క్లిప్పులు బిగించాను. స్టార్ట్ చేసి టార్చి వేశాను.

బుడగలు! సోడా సీసాలోలా కాదు, సన్నగా, పూసల దండలా ఒకదాని వెనక ఒకటి, ఐదారు సెకన్లకోసారి ఒక పెద్దది, వేలి గోరంత. ఆ పెద్ద బుడగ పంపులోకి వెళ్లిన మరుక్షణం ఇంజన్ గుటక మింగింది. మళ్లీ చూశాను. మళ్లీ అంతే. నాన్నను కేకేసి పిలిచి ఇది చూడండి, ఇది వెళ్లగానే వినండి అని చూపించాను. నాలుగోసారికి ఆయనే "ఇప్పుడు... ఇదిగో" అని ముందే చెప్పడం మొదలుపెట్టారు.

ఎందుకలా అంటే, ఐడిలింగ్‌లో ఒక్కోసారి సిలిండర్‌లోకి వెళ్లే డీజిల్ ఒకటి రెండు ఆవగింజలంతే. డీజిల్‌ను నొక్కితే నలగదు, అందుకే ప్రెజర్ పుట్టి నాజిల్ తెరుచుకుంటుంది. గాలి నలుగుతుంది. ఆవగింజంత డీజిల్ ఉండాల్సినచోట గాలి ఉంటే పంపు దాన్ని ఊరికే పిసికి వదిలేస్తుంది, నాజిల్ తెరుచుకోదు, ఆ దెబ్బ పోతుంది. ఇంకో భయం కూడా ఉంది. ఈ పంపు లోపలి భాగాలకు నూనె ఆ డీజిలే. గాలితో ఎక్కువ రోజులు తిప్పితే అప్పుడు నిజంగానే పంపు పోతుంది. అందుకే బండిని ఆపేసి, వారమంతా స్కూటీ మీదే తిరిగాను.

గాలి ఎక్కడ దూరుతోంది? పారదర్శక పైపును ఇప్పుడు ఫిల్టర్‌కు ముందు, అంటే ట్యాంకు వైపు పెట్టాను. బుడగల్లేవు, నిండుగా, తేనెలా కదలకుండా ఉంది. అంటే ట్యాంకు, కింద ఇనుప పైపు, దాని జాయింట్లు అన్నీ మంచివే, దోషం ఫిల్టర్ హెడ్‌లోనే ఉంది. అక్కడ అనుమానించాల్సినవి మూడు: ఫిల్టర్ రబ్బరు రింగు, పైపు బిగించే బాంజో బోల్టు వాషర్లు, గాలి తీయడానికి చేత్తో నొక్కే ప్రైమర్.

విప్పకుండా తేల్చే పద్ధతి ఒకటి ఉంది, ఇది అందరికీ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. పారదర్శక పైపును మళ్లీ ఫిల్టర్ తర్వాతి చోట పెట్టి, ఇంజన్ నడుస్తుండగా, ఒక పాత బనియన్ ముక్కను డీజిల్‌లో ముంచి అనుమానం ఉన్న జాయింటు చుట్టూ చుట్టాలి. అక్కడే చిల్లు ఉంటే ఇప్పుడు గాలికి బదులు గుడ్డలోని డీజిల్‌నే పీల్చుకుంటుంది, బుడగలు ఆగుతాయి. మొదట రింగు చుట్టూ చుట్టాను, మార్పు లేదు. బాంజో దగ్గర, లేదు. ప్రైమర్ మీద కప్పి చేత్తో అదిమి పట్టుకున్నాను. ఇరవై సెకన్లకు పూసల దండ పలచబడింది, ఇంకో ఇరవైకి ఒక్క బుడగా లేదు. గుడ్డ తీసేశాను, కాసేపటికి మళ్లీ వచ్చాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. వేళ్లకు డీజిల్ వాసన రెండు రోజులు పోలేదు, అయినా చాలా సంతోషంగా ఉంది.

నవంబరు 24, ఆదివారం

కొత్త ప్రైమర్ 380, ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి ఫిల్టర్ 320. పాత ప్రైమర్ విప్పి చూస్తే లోపలి రబ్బరు అంచు వేసవిలో చెరువు మట్టి బీటలిచ్చినట్టు ఉంది. ఇరవై ఏళ్లు ఇంజన్ వేడిలో ఉన్న రబ్బరు, దాన్ని అనడానికేం లేదు. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రింగు హెడ్‌కు అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది వేసి బిగించేస్తే కొత్త లీకు మొదలవుతుంది.

ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కి గాలి తీసి, స్టార్ట్ చేస్తే గుటకలు పూర్తిగా పోయాయి. పది నిమిషాలు చూశాను, పైపులో ఒక్క బుడగ లేదు. పారదర్శక పైపు తీసేసి కొత్త రబ్బరు పైపు వేశాను. ఆ ప్లాస్టిక్ పరీక్షకే పనికొస్తుంది, ఇంజన్ వేడికి మెత్తబడి ఊడిపోతుంది, అలాగే వదిలేయకండి.

మిగిలింది దడ్‌దడ్. గుటకలు పోయాక అది ఇప్పుడు స్పష్టంగా వినపడుతోంది, వరస తప్పకుండా.

ఏ సిలిండరో తేల్చడానికి పాత పద్ధతి: ఐడిలింగ్‌లో ఉండగా 17 నంబరు పానాతో ఇంజెక్టర్ పైపు నట్టును ఒక్కోటి పావు చుట్టు వదులు చేయడం. ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. పనిచేస్తున్న సిలిండర్ అయితే ఇంజన్ ఇంకా కుంగుతుంది, ముందే చచ్చిన సిలిండర్ అయితే తేడా తెలియదు. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఉంది. ఇది పాత రకం పంపు ఉన్న బండ్లకే. కామన్ రైల్ బండిలో ఆ నట్టు జోలికి పోవద్దు, అక్కడి ప్రెజర్ ఇంజన్ నడుస్తుండగా వెయ్యి బార్ దాటగలదు, మనిషిని చంపగలదు. దీంట్లో కూడా నట్టు మీద గుడ్డ కప్పాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, చిమ్మే చోట చెయ్యి పెట్టకూడదు, సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది.

ఒకటి వదులు చేస్తే ఇంజన్ కుంగింది. రెండు, కుంగింది. మూడు, ఏ మార్పూ లేదు. నాలుగు, ఆగిపోబోయింది. కాబట్టి మూడోది.

కానీ మూడో సిలిండర్ ఎందుకు చచ్చింది? ఇంజెక్టర్ పాడైందా, లేక సిలిండర్‌లోనే కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కిపట్టే బిగువు) లేదా? మొదటిది అయితే వందల్లో పోతుంది, రెండోది అయితే ఇంజన్ హెడ్ దించాలి, వేలల్లో పోతుంది. మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు, అంత టెన్షన్ పడ్డాను. ఒకటో ఇంజెక్టర్‌ను మూడులో, మూడోదాన్ని ఒకటిలో పెట్టి చూడటమే దారి. కింద ఉండే వాషర్లు కొత్తవి ముందే తెచ్చి పెట్టుకున్నాను, 120 అయింది, నలిగిన పాతవి మళ్లీ వేస్తే కంప్రెషన్ పక్కనుంచి తన్నుకొస్తుంది. విప్పేటప్పుడు చుట్టూ ఉన్న దుమ్ము కిరసనాయిలు, బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి మరీ విప్పాను. లోపల ఒక్క ఇసుక రేణువు పడినా కొత్త కష్టం.

మార్చి, గాలి తీసి, స్టార్ట్ చేశాను. మళ్లీ నట్లు. ఒకటి వదులు చేస్తే మార్పు లేదు! మూడు వదులు చేస్తే ఇంజన్ కుంగింది. జబ్బు ఇంజెక్టర్‌తోపాటే నడిచి వెళ్లింది. సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అమ్మ కాఫీ తెచ్చి "అయిపోయిందా?" అంది. "అవ్వలేదు, కానీ ఎక్కడుందో తెలిసిపోయింది" అన్నాను.

నవంబరు 30, శనివారం

సెలవు పెట్టి నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, రంధ్రాలకు శుభ్రమైన గుడ్డలు కట్టి, వాటిని ఒక్కోటి గుడ్డలో చుట్టి అమ్మ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సులో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. డబ్బాల మూతల మీద 1 నుంచి 4 దాకా రాసి పెట్టుకున్నాను.

నాజిల్ షాపు పెద్దాయన డబ్బా తెరిచి చూసి "ఎవరమ్మా విప్పింది?" అన్నారు. "నేనే బాబాయ్" అంటే ఒక్కోదాన్నీ వెలుతురుకు పెట్టి చూసి "అంచులు దెబ్బతినకుండా విప్పావు, రా, దగ్గరకొచ్చి చూడు" అని టెస్టర్ దగ్గరకు పిలిచారు. చేతితో కొట్టే లీవర్, పైన ఒక గేజి, కింద గాజు పాత్ర. మొదట రెండో నంబరుది బిగించి లీవర్ నొక్కారు. ముల్లు 120 బార్ దాటగానే "కిర్ర్... కిర్ర్" అని సన్నగా అరుస్తూ, చలికాలం పొద్దున నోట్లోంచి వచ్చే ఆవిరిలా, డీజిల్ మంచు మంచుగా విచ్చుకుంది. "ఆ అరుపు వినపడాలి, అదే దీనికి ఆరోగ్యం" అన్నారు. తర్వాత మూడోది, అదే ఒకటిలోకి మార్చి చూసిన జబ్బుది. లీవర్ నొక్కుతుంటే ముల్లు 90 దాటలేదు, అరుపు లేదు. ముక్కు కొసన ఒక చుక్క ఊరింది, లావెక్కింది, జారి గాజు పాత్రలో పడింది. ఇంకో చుక్క. ఆపేసిన కొళాయి కారినట్టు.

ఆ చుక్క చూశాక అన్నీ అర్థమయ్యాయి. మంచులా విచ్చుకున్న డీజిల్ వేడిగాలిలో తక్షణం మండుతుంది. చుక్కలా పడింది మండదు, సగం కాలి ఘాటు పొగ అవుతుంది, మిగతాది సిలిండర్ గోడ మీద ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. ఇంటికొచ్చాక డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. ఇంజన్ ఆయిల్ డీజిల్ వాసన కొడుతోంది, మట్టం కూడా గీత పైకి వచ్చింది. ఆయిల్ తగ్గితేనే భయపడాలి అనుకుంటాం, పెరిగినా భయపడాలి.

ఒక్క నాజిల్ మార్చడమా, నాలుగూ మార్చడమా అని అడిగితే పెద్దాయన నాలుగూ అన్నారు. ఆయన వ్యాపారం కోసం అన్నారని నేననుకోను. మిగతా మూడు బాగానే అరిచినా, 1,86,000 తిరిగిన మూడింటి పక్కన ఒక కొత్తది పెడితే నాలుగు సిలిండర్లూ సమానంగా కొట్టవు, మళ్లీ వణుకే. లోపలి షిమ్ములు, అంటే పలుచటి బిళ్లలు, మార్చి నాలుగింటినీ ఒకే ప్రెజర్‌కు సెట్ చేసి, ఒక్కోదాన్నీ నా ముందే కొట్టి చూపించారు. నాలుగూ అరిచాయి. నాజిళ్లు, కూలీ కలిపి 2,400. పంపు గురించి అడిగితే "గాలి పోయిందన్నావు, సెల్ఫ్‌కు అందుకుంటోంది, నల్లపొగ లేదు, దాన్ని ముట్టుకోకు" అన్నారు.

డిసెంబరు 1, ఆదివారం

కొత్త వాషర్లతో బిగించాను. ఇంజెక్టర్ల నెత్తిన ఒకదాన్నుంచి ఇంకోదానికి తాడు అల్లిక పైపులు ఉంటాయి, మిగిలిన డీజిల్ ట్యాంకుకు వెనక్కి వెళ్లేవి. నాలుగో దాని చివరి మూత తడిగా ఉంది, అవన్నీ మార్చాను, 90 రూపాయలు. బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఇక్కడినుంచి కూడా గాలి దూరి డీజిల్ వెనక్కి జారిపోతుంది.

నాలుగు నట్లూ వదులుగా ఉంచి నాన్నను సెల్ఫ్ కొట్టమన్నాను. డీజిల్ బుడబుడమంటూ వచ్చి తర్వాత నిండుగా రాగానే ఒక్కోటీ బిగించాను. మూడోది బిగిస్తుండగానే ఇంజన్ అందుకుంది. నాలుగోదీ బిగించాను.

దడ్‌దడ్ లేదు. నాలుగూ ఒకే వరసలో. కానీ ఐడిలింగ్ చాలా ఎక్కువ, 1,100 దగ్గర ఉంది. ఎప్పుడో ఎవరో వణుకు తెలియకుండా ఐడిల్ స్క్రూ తిప్పేసి ఉంచారు. దాన్ని 850కి దించాను. డ్యాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి చూశాను, సన్నటి అలలు తప్ప ఏమీ లేదు. నాన్న వచ్చి ఆ గ్లాసునే చాలాసేపు చూశారు.

తర్వాత ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాను, 1,650. డీజిల్ కలిసిన ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా తిప్పదలచుకోలేదు.

డిసెంబరు 8, ఆదివారం

వారం రోజులు కావాలనే డీజిల్ కొట్టించలేదు. ముల్లు పావు కిందికి వచ్చాక నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని దుగ్గిరాల, మంగళగిరి మీదుగా విజయవాడ బయలుదేరాను. కనకదుర్గ వారధి దాటి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కాను. ఇంతకుముందు సరిగ్గా ఇక్కడే జర్కులిచ్చేది. ఏమీ లేదు, గొంతు ఒక్కటే కొంచెం బరువెక్కింది, లాక్కుంటూ పైకి వెళ్లిపోయింది. నాన్న చెయ్యి పైనున్న హ్యాండిల్ మీదే ఉంది, ఫ్లైఓవర్ మధ్యలో ఎప్పుడో తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఇప్పటిదాకా ఖర్చు మొత్తం 6,400.

వణుకు ఇంకొంచెం మిగిలింది, రివర్స్ గేరు వేసినప్పుడు ఒక్క కుదుపు. చూస్తే ఒక పక్క ఇంజన్ మౌంటింగ్ (ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచేది) రబ్బరు చిరిగి ఉంది. దానికి ఆర్డర్ పెట్టాను.

డిసెంబరు 15, ఆదివారం

మౌంటింగ్ మార్చాను, గంట పని. ఆఫీసు పని మీద ఊళ్లో లేకపోవడం వల్ల బండి ఆరు రోజులు కదల్లేదు. పొద్దున ఆరున్నరకు, మంచు ఇంకా విడవలేదు, హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాను. ఒక్కసారికే అందుకుంది, ఆగలేదు.

ఇంకో పని బయటపడింది. నాన్న దాచిన బిల్లుల సంచీ మొత్తం వెతికాను, టైమింగ్ బెల్టు చివరిసారి ఎప్పుడు మార్చారో ఎక్కడా లేదు. ఇది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇప్పటిదాకా చేసిందంతా వృథా. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ రెండూ ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా బండి షెడ్డులోనే.